చదువులోనే పని, పనికి జీతం: కో-ఆప్ డిగ్రీ అంటే ఏమిటి? ఫీజు కట్టే ముందు ఏం అడగాలి?

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో చాలా ఇళ్లలో ఒకే మాట నడుస్తుంది. "చదివిస్తాం బేటా, కానీ మూడేళ్లు ఇల్లు గడవాలి కదా" అంటారు అబ్బా. "చదువుకుంటూనే ఏదో ఒక పని చేస్తాలే" అంటాడు కొడుకు. కాలేజీలో చేరిన రెండు నెలలకే సాయంత్రాలన్నీ ఫుడ్ డెలివరీకో, మొబైల్ షాపుకో పోతాయి. చేతికి నాలుగు డబ్బులు వస్తాయి, నిజమే. కానీ ఆ పనికీ, అతను చదివే బీకాంకీ సంబంధం ఉండదు. అటెండెన్స్ పడిపోతుంది, బ్యాక్‌లాగ్స్ పేరుకుంటాయి. మూడేళ్ల తర్వాత ఇంటర్వ్యూలో "అనుభవం ఉందా?" అని అడిగితే చెప్పడానికి ఏమీ మిగలదు.

కొన్ని ఇళ్లలో అమ్మాయిల ఇబ్బంది ఇంకోలా ఉంటుంది. డిగ్రీ చేతికొచ్చేదాకా ఒక్క ఆఫీసు లోపల ఎలా ఉంటుందో చూసి ఉండరు. ఉద్యోగం చేయాలా వద్దా అన్న చర్చ ఇంట్లో మొదలయ్యేదే అప్పుడు.

పనీ, చదువూ ఒకదాన్ని ఒకటి తినేయకుండా రెండింటినీ ఒకే డిగ్రీలో కలిపే పద్ధతి ఒకటి వందేళ్లకు పైగా నడుస్తోంది. దాని పేరు కో-ఆపరేటివ్ ఎడ్యుకేషన్, వాడుకలో కో-ఆప్. పేరు వినగానే కో-ఆపరేటివ్ బ్యాంకు గుర్తొస్తుంది గానీ, దానికీ దీనికీ సంబంధం లేదు. కాలేజీ, కంపెనీ ఒకదానికొకటి సహకరించుకుని విద్యార్థిని తయారుచేస్తాయి కాబట్టి ఆ పేరు. కెనడా, అమెరికా యూనివర్సిటీల బ్రోషర్లలో ఈ మాట తరచూ కనిపిస్తుంది. మన దగ్గర ఇదే ఆలోచన అప్రెంటిస్‌షిప్ డిగ్రీ పేరుతో వస్తోంది. అయితే ఈ మాటలు చూపించి "జీతం గ్యారంటీ" అని చెప్పేవాళ్లూ ఉన్నారు. అందుకే అసలు సంగతి తెలుసుకోవాలి.

ఎక్కడ మొదలైంది?

1906లో అమెరికాలోని సిన్సినాటి యూనివర్సిటీలో హెర్మన్ ష్నైడర్ అనే ఇంజినీరింగ్ ప్రొఫెసర్ దీన్ని మొదలుపెట్టారు. ఆయన రెండు విషయాలు గమనించారు. ఒకటి, చాలామంది విద్యార్థులు ఎలాగూ ఏదో ఒక పని చేసుకుంటూనే చదువుతున్నారు. రెండు, ఇంజినీరింగ్‌లో కొన్ని సంగతులు తరగతి గదిలో ఎంత చెప్పినా రావు, ఫ్యాక్టరీలో చేతులు పెడితేనే వస్తాయి. అలాంటప్పుడు ఆ పని చదువుకు సంబంధించినదే ఎందుకు కాకూడదు? అలా కొద్దిమంది విద్యార్థులతో ఒక వారం క్లాసు, ఒక వారం ఫ్యాక్టరీ అన్న పద్ధతి మొదలైంది. ఫ్యాక్టరీ వారానికి కూలి కూడా ఇచ్చారు. 1909లో బోస్టన్‌లోని నార్త్ ఈస్టర్న్ కూడా ఇదే దారి పట్టింది.

కెనడాలో దీన్ని పెద్ద ఎత్తున నిలబెట్టింది ఒంటారియోలోని వాటర్లూ యూనివర్సిటీ. 1957లో ఆ సంస్థ మొదలైందే కో-ఆప్ ఇంజినీరింగ్‌తో. ఇప్పుడు అక్కడ ఇంజినీరింగ్‌తో పాటు అకౌంటింగ్, మ్యాథ్స్, సైన్స్, ఆర్ట్స్ విద్యార్థులు కూడా కో-ఆప్‌లో ఉన్నారు. మన తెలుగు పిల్లలు కూడా ఏటా ఆ దేశాలకు వెళ్తున్నారు కాబట్టి అక్కడ ఇది ఎలా నడుస్తుందో ముందు చూద్దాం.

వాటర్లూలో ఎలా నడుస్తుంది?

అక్కడ ఏడాదిని నాలుగేసి నెలల చొప్పున మూడు టర్ములుగా విడగొడతారు. ఒక టర్ము క్లాసు, తర్వాతి టర్ము కంపెనీలో పని, మళ్లీ క్లాసు. ఇంజినీరింగ్ విద్యార్థికి సాధారణంగా ఇలాంటి పని టర్ములు ఆరు దాకా వస్తాయి, అంటే దాదాపు రెండేళ్ల అనుభవం. అందుకే డిగ్రీ పూర్తవడానికి నాలుగేళ్లు కాదు, ఐదేళ్ల దగ్గర పడుతుంది. కొందరైతే కాలేజీలో చేరిన మొదటి నాలుగు నెలలకే మొదటి పనికి వెళ్లాల్సి ఉంటుంది.

పని టర్ములో విద్యార్థి పూర్తిస్థాయి ఉద్యోగిలాగే రోజంతా పనిచేస్తాడు. జీతం ఇచ్చేది కంపెనీ, యూనివర్సిటీ కాదు. ఆ టర్ముకు ట్యూషన్ ఫీజు ఉండదు. కానీ కో-ఆప్ విభాగం నడపడానికి వేరే కో-ఆప్ ఫీజు ఉంటుంది. పని అయ్యాక విద్యార్థి రిపోర్టు రాయాలి, మేనేజరు అతని పనికి రేటింగ్ ఇవ్వాలి. అవి సరిగ్గా ఉంటేనే ఆ టర్ము డిగ్రీ లెక్కలోకి వస్తుంది.

ముఖ్యమైన సంగతి ఇక్కడే ఉంది. ఆ పనిని యూనివర్సిటీ పళ్లెంలో పెట్టి ఇవ్వదు. కంపెనీలు యూనివర్సిటీ పోర్టల్‌లో ఖాళీలు పెడతాయి. విద్యార్థి రెజ్యూమే తయారుచేసుకుని, అప్లై చేసి, ఇంటర్వ్యూకి వెళ్లాలి. కంపెనీ తనకు నచ్చినవాళ్లకు ర్యాంకులు ఇస్తుంది, విద్యార్థులు కూడా తమకు నచ్చిన కంపెనీలకు ర్యాంకులు ఇస్తారు. రెండూ కలిసినచోట పని ఖాయమవుతుంది. కలవకపోతే మళ్లీ వెతుక్కోవాలి. మార్కెట్ బాగోలేని ఏడాది, ముఖ్యంగా మొదటి పని టర్ముకు, పదుల కొద్దీ అప్లికేషన్లు పెట్టాల్సి రావచ్చు.

అంటే కో-ఆప్ డిగ్రీలో చేరితే దొరికేది పోటీలో నిలబడే అవకాశం, దానికి కావలసిన ఏర్పాటు. ఉద్యోగం మాత్రం విద్యార్థే గెలుచుకోవాలి.

అసలైనదా కాదా ఎలా తెలుస్తుంది?

పేరు ఏదైనా, మూడు విషయాలు చూడాలి.

మొదటిది, ఆ పని డిగ్రీలో భాగమా? అంటే దానికి క్రెడిట్లు ఉన్నాయా, మార్కుల మెమోలో కనిపిస్తుందా? రెండోది, దానికి డబ్బు ఇస్తారా? ఎవరు, ఎంత, ఏ తేదీకి? మూడోది, కాలేజీ, కంపెనీ, విద్యార్థి ముగ్గురి మధ్యా రాతపూర్వక ఒప్పందం ఉందా?

మూడింటికీ అవును అని వస్తే అది కో-ఆప్ లేదా అప్రెంటిస్‌షిప్ డిగ్రీ కిందికి వస్తుంది. మొదటిది మాత్రమే ఉంటే అది ఇంటర్న్‌షిప్. అది చెడ్డదని కాదు, కానీ దాని మీద ఇంటి ఖర్చు లెక్క వేసుకోకూడదు. ఏదీ లేకుండా "మా దగ్గర పని చేయి, సర్టిఫికెట్ ఇస్తాం" అంటే అది ఊరికే చాకిరీ. పైగా ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామని విద్యార్థి దగ్గరే డబ్బు అడిగితే అక్కడినుంచి లేచి వచ్చేయడమే మేలు.

మన దగ్గర ఏమున్నాయి?

మన దేశంలో దీనికి చట్టం పునాది 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం. మొదట ఐటీఐ తరహా ట్రేడులకే అనుకున్నది, 1973 సవరణతో ఇంజినీరింగ్ డిగ్రీ, డిప్లొమా వాళ్లకు, 2014 సవరణతో బీకాం, బీఏ, బీఎస్సీ లాంటి నాన్-ఇంజినీరింగ్ డిగ్రీల వాళ్లకు కూడా తెరుచుకుంది. బీకాం చదివినవాళ్లకు బ్యాంకుల్లో అప్రెంటిస్ నోటిఫికేషన్లు కనిపించేది అందుకే.

డిగ్రీ మధ్యలోనే అప్రెంటిస్‌షిప్ ఉండేలా కోర్సులు నడపడానికి యూజీసీ 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025లో వాటిని కొత్తగా రాసింది. వీటిని అప్రెంటిస్‌షిప్ ఎంబెడెడ్ డిగ్రీ ప్రోగ్రామ్, పొట్టిగా ఏఈడీపీ అంటారు. కొత్త మార్గదర్శకాల ప్రకారం మూడేళ్ల డిగ్రీలో ఒకటి నుంచి మూడు సెమిస్టర్లు, నాలుగేళ్ల డిగ్రీలో రెండు నుంచి నాలుగు సెమిస్టర్లు అప్రెంటిస్‌షిప్‌గా పెట్టొచ్చు. మన కో-ఆప్ అని చెప్పదగ్గది ఇదే.

స్టైపెండ్ సంగతి. 2019 నిబంధనల్లో డిగ్రీ స్థాయి అప్రెంటిస్‌కు నెలకు 9,000 రూపాయలు, డిప్లొమా వాళ్లకు 8,000 రూపాయలు కనిష్ఠంగా పెట్టారు. 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి ఈ కనిష్ఠాలను 36 శాతం పెంచాలని సిఫార్సు చేసింది. చేరే రోజున ఎంత అమల్లో ఉందో కేంద్రం నడిపే నాట్స్ పోర్టల్‌లో చూసుకోవాలి. ఇవి కనిష్ఠాలు మాత్రమే, కంపెనీ ఎక్కువ ఇవ్వొచ్చు. నాట్స్ కింద కనిష్ఠ స్టైపెండ్‌లో సగం కేంద్రమే భరిస్తుంది. అందుకే చిన్న కంపెనీలకు కూడా అప్రెంటిస్‌ను పెట్టుకోవడం భారం కాదు.

ఇదికాక ఇంకొన్ని దారులు ఉన్నాయి. బిట్స్ పిలానీలో 1973 నుంచి ప్రాక్టీస్ స్కూల్ నడుస్తోంది. హైదరాబాద్ క్యాంపస్ విద్యార్థులకూ అది ఉంది. రెండో ఏడాది తర్వాత రెండు నెలలు, చివరి ఏడాది ఐదున్నర నెలలు పరిశ్రమలో గడుపుతారు. సీఏ చదివేవాళ్లకు ఆర్టికల్‌షిప్ ఉంటుంది. మూడేళ్లుగా ఉన్న దాన్ని 2023 జులై నుంచి అమలైన కొత్త పద్ధతిలో రెండేళ్లకు తగ్గించారు. దానికి కూడా ఊరి జనాభాను బట్టి కనిష్ఠ స్టైపెండ్ ఉంది. కాలేజీ ఫీజుల భారం తక్కువగా, పని నేర్చుకుంటూ పైకి రావాలనుకునే కామర్స్ పిల్లలకు ఇది పాత దారే, కానీ గట్టి దారి.

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. మొదటి రెండు వేసవి సెలవుల్లో రెండేసి నెలలు, తర్వాత ఒక సెమిస్టర్ మొత్తం. ఇది డిగ్రీలో భాగమే, కానీ చాలాచోట్ల స్టైపెండ్ ఉండదు. అందుకే దీన్ని ఏఈడీపీతో కలిపి చూడకూడదు. అలాగే 2024 అక్టోబరులో పైలట్‌గా మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం కూడా వేరే. ఆ పైలట్‌లో ఫుల్‌టైమ్ చదువుతున్నవాళ్లకు అర్హతే లేదు, అది చదువు ముగించినవాళ్ల కోసం.

చట్టం ఇచ్చేవి, ఇవ్వనివి

అప్రెంటిస్ ఒప్పందం పోర్టల్‌లో నమోదు కావాలి. నమోదైతేనే విద్యార్థి చట్టం దృష్టిలో అప్రెంటిస్. పని చేసేటప్పుడు ప్రమాదం జరిగి గాయపడితే పరిహారం ఇవ్వాల్సిన బాధ్యత యజమానిది.

అయితే అప్రెంటిస్ అంటే ట్రైనీ, ఉద్యోగి కాదు. కాబట్టి ఉద్యోగులకు ఉండే పీఎఫ్ లాంటివి ఆశించకూడదు. శిక్షణ అయ్యాక అదే కంపెనీ ఉద్యోగం ఇచ్చి తీరాలన్న రూలు కూడా లేదు. "అప్రెంటిస్‌షిప్ అయితే పర్మనెంట్ చేసేస్తారు" అని ఎవరైనా నోటిమాటగా చెబితే, అది కాగితం మీద ఉందా అని అడగాలి.

ఇంటి హిసాబు ఇలా వేయాలి

ఒక అబ్బాయి బీకాం ఏఈడీపీలో చేరాడనుకుందాం. రెండు సెమిస్టర్లు, అంటే పన్నెండు నెలలు అప్రెంటిస్‌షిప్. నెలకు 9,000 చొప్పున ఏడాదికి 1,08,000 రూపాయలు. వినడానికి బాగుంది.

కంపెనీ సొంత ఊర్లోనే ఉండి, ఇంటి నుంచే వెళ్లొస్తే బస్సుకు, మధ్యాహ్నం భోజనానికి నెలకు 2,000 పోయినా 7,000 మిగులుతుంది. ఏడాదికి 84,000. కాలేజీ ఫీజుకు అది నిజంగా ఆసరా.

అదే కంపెనీ హైదరాబాద్‌లో ఉండి, ఇల్లు కర్నూలులోనో నిజామాబాద్‌లోనో ఉందనుకోండి. హాస్టల్, తిండికి 6,500, బస్సు, ఫోను కలిపి 1,500 అనుకుంటే నెలకు మిగిలేది 1,000 మాత్రమే. మొదటి నెల స్టైపెండ్ చేతికి వచ్చేలోపు హాస్టల్ అడ్వాన్సు ఇంటి నుంచే కట్టాలి. స్టైపెండ్ ఒకటే, కానీ ఒక ఇంటికి అది ఫీజు, ఇంకో ఇంటికి పిల్లవాడి బతుకు ఖర్చు. అనుభవం ఇద్దరికీ సమానంగానే వస్తుంది. అందుకని రెండో కుటుంబం చేరకూడదని కాదు, "వాడే ఫీజు కట్టుకుంటాడు" అన్న భరోసాతో మాత్రం చేరకూడదు.

అమ్మాయిని పంపే ఇళ్లలో డబ్బుతో పాటు ఇంకో లెక్క కూడా ఉంటుంది. ఎంత దూరం, ఏ షిఫ్టు, తిరిగి రావడానికి ఏ వాహనం? ఇవి అడగడానికి మొహమాటపడక్కర్లేదు. డిగ్రీలో భాగమైన పనికి ఉన్న మేలు ఏమిటంటే, జవాబు చెప్పాల్సిన లెక్చరర్ ఒకరు కాలేజీలో ఉంటారు. ఇబ్బంది వస్తే ఫోన్ చేయడానికి ఒక నంబరు ఉంటుంది. రోడ్డు మీద వెతుక్కున్న పార్ట్‌టైమ్ పనికి ఆ నీడ ఉండదు.

విదేశాలకు పంపేవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి

కెనడాకైనా అమెరికాకైనా స్టూడెంట్ వీసాకు అప్లై చేసేటప్పుడే మొదటి ఏడాది ఫీజుకు, ఖర్చులకు డబ్బు ఉందని చూపించాలి. రేపు వచ్చే కో-ఆప్ జీతాన్ని అందులో లెక్కలోకి తీసుకోరు. ఆ ప్రభుత్వాలే లెక్కలోకి తీసుకోని జీతాన్ని మన కుటుంబం నమ్ముకుని అప్పు చేయడం ఎంతవరకు సరైనది?

అమెరికాలో ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి కో-ఆప్‌కు వెళ్లాలంటే సీపీటీ అనే అనుమతి కావాలి. అది పనిలో చేరే మొదటి రోజుకు ముందే ఐ-20 పత్రం మీద నమోదై ఉండాలి. ఒక్క రోజు ముందు చేరినా స్టేటస్‌కే ముప్పు. సాధారణంగా ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివాకే ఇది ఇస్తారు. ఇంకో పెద్ద మెలిక ఉంది. పన్నెండు నెలలు లేదా అంతకంటే ఎక్కువ ఫుల్‌టైమ్ సీపీటీ వాడేసుకుంటే, అదే స్థాయి డిగ్రీకి వచ్చే ఓపీటీ పోతుంది. ఓపీటీ అంటే చదువు అయ్యాక అక్కడ పనిచేసే అవకాశం. నాలుగు నెలల జీతం ఎక్కువ వస్తుందన్న ఆశతో ఆ గీత దాటితే, అంతకంటే పెద్దదే చేజారుతుంది. "చేరిన మొదటి రోజు నుంచే పని" అని ఆకర్షించే కోర్సుల విషయంలో మరింత జాగ్రత్త.

కెనడాలో కో-ఆప్ పని ఆ కోర్సులో తప్పనిసరి భాగమై ఉండాలి, మొత్తం కోర్సులో సగానికి మించకూడదు. కోర్సు పేరులో కో-ఆప్ అని ఉంటే చాలదు. యూనివర్సిటీ ఇచ్చే లెటర్‌లో ఆ మాట స్పష్టంగా ఉందో లేదో చూడాలి. కొన్ని కోర్సుల్లో కో-ఆప్ ఐచ్ఛికం, మంచి మార్కులు ఉన్నవాళ్లనే తర్వాత అందులోకి తీసుకుంటారు.

వడ్డీ అప్పు తీసుకోకూడదనుకునే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. తెలంగాణలో మైనారిటీ విద్యార్థులకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. కుటుంబ వార్షికాదాయం 5 లక్షల లోపు ఉండి, ఎంపిక చేసిన దేశాల్లో పీజీ లేదా పీహెచ్‌డీకి వెళ్లేవాళ్లకు 20 లక్షల దాకా సాయం విడతలుగా అందుతుంది. డిగ్రీకి వెళ్లేవాళ్లకు ఇది వర్తించదు. అందుకే డిగ్రీ ఇక్కడే ఏఈడీపీ లాంటి దాంట్లో చేసి, అనుభవంతో పీజీకి బయటికి వెళ్లడం కొన్ని ఇళ్లకు తేలికైన దారి కావచ్చు.

ఫీజు కట్టే ముందు అడగాల్సిన ప్రశ్నలు

కాలేజీకి వెళ్లినప్పుడు ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి.

1. పని ఏ సెమిస్టర్‌లో, ఎన్ని నెలలు? దానికి ఎన్ని క్రెడిట్లు?
2. స్టైపెండ్ ఎంత? ఇచ్చేది కంపెనీయా, ప్రభుత్వమా, మధ్యలో ఏజెన్సీ ఉందా? ఏజెన్సీ ఏమైనా పట్టుకుంటుందా?
3. పోయిన బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమందికి స్టైపెండ్‌తో పని దొరికింది, ఏ కంపెనీల్లో?
4. కంపెనీ దొరకకపోతే డిగ్రీ ఆగుతుందా? వేరే ప్రాజెక్టు ఉందా?
5. పని నెలల్లో కాలేజీ ఫీజు ఎంత? అటెండెన్స్ ఎలా లెక్కిస్తారు? ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఇబ్బంది రాదు కదా?
6. ఒప్పందం పోర్టల్‌లో నమోదు చేస్తారా? ఆ కాపీ మాకు ఇస్తారా?
7. పని వేళలేమిటి? నైట్ షిఫ్ట్ ఉందా? శుక్రవారం నమాజుకు కాసేపు విరామం దొరుకుతుందా?
8. ఇబ్బంది వస్తే కాలేజీలో ఎవరికి చెప్పాలి?

మూడో ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి కాలేజీ సంగతి సగం తెలిసిపోతుంది. పోయిన ఏడాది పిల్లల లెక్క దగ్గర ఉన్న కాలేజీ వెంటనే చెబుతుంది. లేని కాలేజీ బ్రోషర్ చూపిస్తుంది. వీలైతే సీనియర్ విద్యార్థి ఒకరితో, కాలేజీవాళ్లు పక్కన లేనప్పుడు, పది నిమిషాలు మాట్లాడండి.

ఇక పిల్లలకు ఒక మాట. మొదటి స్టైపెండ్ చిన్నదే కావచ్చు. కానీ ఇరవై ఏళ్లకే ఒక ఆఫీసులో జీఎస్టీ రిటర్న్ వేసి, ఒక గోడౌన్‌లో స్టాకు లెక్క చూసి, మేనేజరుతో మాట పడి, దాన్ని సరిదిద్దుకుని బయటికొచ్చినవాడికి ఇంటర్వ్యూలో అడిగే ఆ పాత ప్రశ్నకు జవాబు ఉంటుంది. ఇంట్లోవాళ్లు మాత్రం ఫీజు లెక్క స్టైపెండ్ లేకుండానే వేసుకోవాలి. అది వస్తే ఆసరా అవుతుంది, రాకపోయినా చదువు మధ్యలో ఆగదు.